గ్రాఫిక్స్ కార్డు పదే పదే క్రాష్ అవుతోందా? డ్రైవర్ జోలికి వెళ్లే ముందు కరెంటు దారి చూడండి

గేమ్ మధ్యలో తెర నల్లబడగానే చాలామంది మొదట డ్రైవర్ (కార్డును విండోస్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) తీసేసి మళ్లీ వేస్తారు. అది పనిచేయకపోతే విండోస్ మొత్తం మళ్లీ ఎక్కిస్తారు. అప్పటికీ ఆగకపోతే కార్డు పోయిందని తీర్మానించి కొత్తదాని ధర కనుక్కుంటారు. ఈ వరుసే తప్పు. ఇళ్లలోని డెస్క్‌టాప్‌లలో నేను చూసిన క్రాష్‌లలో ఎక్కువభాగం గోడ సాకెట్‌కూ కార్డుకూ మధ్య ఎక్కడో ఒకచోట పుట్టినవే. అందుచేత కింద చెప్పిన వరుస తప్పకుండా, ఒకసారికి ఒక్క మార్పే చేస్తూ, ప్రతి మార్పు తరువాత ఏం జరిగిందో కాగితం మీద రాసుకోవాలి. రెండు మార్పులు కలిపి చేస్తే, క్రాష్ ఆగినా దేనివల్ల ఆగిందో తెలియదు.

కావలసినవి: ఒక స్టార్ స్క్రూడ్రైవర్, ఒక బ్లోయర్, ఉష్ణోగ్రతలు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో, కార్డు వాడే వాట్లను తగ్గించే ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్, పాత డ్రైవర్‌ను పూర్తిగా తుడిచే డీడీయూ. ఈ మూడు సాఫ్ట్‌వేర్లూ ఉచితంగానే దొరుకుతాయి.

మొదటి దశ: క్రాష్ తీరును గుర్తించడం

తెర క్షణకాలం నల్లబడి మళ్లీ వస్తే, కార్డు 2 సెకన్లలోగా బదులివ్వనందువల్ల విండోస్ డ్రైవర్‌ను తిరిగి ప్రారంభించిందని అర్థం. విండోస్ విస్టా కాలం నుంచి ఉన్న ఏర్పాటు ఇది. విండోస్ తన సంఘటనలను నమోదు చేసే ఇవెంట్ వ్యూయర్‌లోని సిస్టమ్ విభాగంలో 4101 సంఖ్యతో నమోదవుతుంది. కంప్యూటర్ మొత్తం హఠాత్తుగా రీస్టార్ట్ అయినా, తెర నల్లబడి కార్డు ఫ్యాన్లు ఒక్కసారిగా పూర్తి వేగంతో తిరిగినా ముందుగా కరెంటునే అనుమానించాలి. అప్పుడు కనిపించే కెర్నెల్ పవర్ 41 అనే నమోదును చాలామంది కారణంగా చదువుకుంటారు. సరిగ్గా షట్‌డౌన్ కాకుండా యంత్రం ఆగిపోయిందని మాత్రమే అది చెబుతుంది. విండోస్ రాకముందే, బయోస్ (స్విచ్ వేయగానే మొదట నడిచే మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్) తెర మీదే రంగు చుక్కలో గళ్లో కనిపిస్తే, మానిటర్ కేబుల్ మార్చి చూసినా అవి పోకపోతే, కార్డే దెబ్బతిని ఉంటుంది. అలాంటి కార్డును ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయదు.

రెండవ దశ: ఓవర్‌క్లాక్, దుమ్ము, వేడి

కార్డుకూ ప్రాసెసర్‌కూ చేసిన ఓవర్‌క్లాక్‌లన్నీ (కంపెనీ పెట్టిన వేగాన్ని మించి నడిపే మార్పులు) తీసేయాలి, బయోస్‌లో ర్యామ్ వేగాన్ని పెంచే ఎక్స్ఎంపీని కూడా ఆపాలి. దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాను రెక్క తిరగకుండా వేలితో పట్టుకోవాలి. గేమ్ ఆడుతూ అరగంట ఉష్ణోగ్రతలు గమనించాలి. కోర్ (కార్డులోని ప్రధాన చిప్) 90 డిగ్రీలకు చేరువైనా, కోర్‌కూ హాట్‌స్పాట్‌కూ (చిప్‌లో అన్నిటికన్నా వేడిగా ఉన్న చోటు) మధ్య తేడా 20 డిగ్రీలు బాగా దాటినా వేడి సంగతి ముందు తేల్చుకోవాలి. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఫ్యాను కింద పెట్టిన యంత్రానికి లోపలికి వెళ్లే గాలే వేడిగా ఉంటుంది కనుక, అక్కడి వేసవి క్రాష్‌లను చలికాలపు క్రాష్‌లతో కలిపి చూడకూడదు.

మూడవ దశ: కరెంటు దారి

పనంతా ఇక్కడే ఉంది, కార్డులు కాలిపోయేదీ ఇక్కడే. కంప్యూటర్ షట్‌డౌన్ చేసి, ఎస్ఎంపీఎస్ (గోడ కరెంటును కంప్యూటర్ భాగాలకు తగినట్టు మార్చి ఇచ్చే డబ్బా) వెనుక స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, లోపల మిగిలిన కరెంటు పోవడానికి పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవాలి. క్యాబినెట్ ఇనుప భాగాన్ని చేత్తో తాకిన తరువాతే కార్డును ముట్టుకోవాలి. ఎస్ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఏ పరిస్థితిలోనూ విప్పకూడదు. ప్లగ్ తీసిన తరువాత కూడా దాని కెపాసిటర్లలో ప్రమాదకరమైన ఛార్జ్ నిలిచి ఉంటుంది.

లెక్క తేలికైనదే. మదర్‌బోర్డు స్లాట్ 75 వాట్లు, 6 పిన్నుల కనెక్టర్ 75 వాట్లు, 8 పిన్నుల కనెక్టర్ 150 వాట్లు ఇవ్వగలవు. ఆర్‌టీఎక్స్ 3080 అనే కార్డు వాడకం 320 వాట్లని, దానికి 750 వాట్ల ఎస్ఎంపీఎస్ కావాలని దాని తయారీదారు ఎన్విడియా చెప్పింది. ఇంత తేడా ఎందుకంటే, అలాంటి కార్డులు సెకనులో అతి చిన్న వంతు పాటు తమ సగటును మించి ఎంతో ఎక్కువ కరెంటును ఒక్కసారిగా లాగుతాయి. పాత ఎస్ఎంపీఎస్ ఆ కుదుపును షార్ట్ సర్క్యూట్‌గా భావించి తనను తానే ఆపేసుకుంటుంది. ఎస్ఎంపీఎస్‌ల కోసం 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ఇలాంటి కుదుపులను తట్టుకునే శక్తిని తప్పనిసరి చేసింది.

కార్డులో రెండు 8 పిన్నుల సాకెట్లు ఉంటే ఎస్ఎంపీఎస్ నుంచి రెండు వేర్వేరు కేబుళ్లు రావాలి. ఒకే కేబుల్ చివర రెండు కనెక్టర్లు ఉన్నాయి కదా అని రెండూ కార్డుకే పెట్టడం నేను ఎక్కడ చూసినా తీయిస్తాను. కార్డు చిన్నదైనా సరే. హార్డ్‌డిస్క్‌లకు కరెంటు ఇచ్చే సాటా కనెక్టర్‌ను 6 పిన్నులుగా మార్చే అడాప్టర్లను అసలు వాడకూడదు. సాటా కనెక్టర్ 12 వోల్టుల మీద మోయగలిగేది 54 వాట్లే కాబట్టి అవి కరిగిపోతాయి. ప్రాసెసర్ కోసం వచ్చే 4+4 కనెక్టర్ చూడటానికి కార్డుకు పెట్టే 8 పిన్నుల (6+2) కనెక్టర్‌లాగే ఉంటుంది గానీ, రెండింటిలో 12 వోల్టుల తీగల స్థానం, గ్రౌండ్ తీగల స్థానం తారుమారుగా ఉంటాయి. అది సులభంగా దిగకపోతే బలవంతం చేయకూడదు.

అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త విడదీయగల కేబుళ్ల విషయంలో కావాలి. ఒక ఎస్ఎంపీఎస్‌తో వచ్చిన కేబుల్‌ను మరొకదానికి ఎప్పుడూ పెట్టకూడదు. ఎస్ఎంపీఎస్ వైపు పిన్నుల అమరికకు ఉమ్మడి ప్రమాణం లేదు. ఒకే కంపెనీ తయారుచేసిన రెండు మోడళ్ల మధ్య కూడా అది మారవచ్చు. కనెక్టర్ చక్కగా కూర్చుంటుంది, క్లిప్ కూడా పడుతుంది, స్విచ్ వేయగానే కార్డో హార్డ్‌డిస్కో కాలిపోతుంది. ఏ కేబుల్ ఎక్కడిదో గుర్తు లేకపోతే దాన్ని పక్కన పడేయాలి.

కొత్త కార్డుల 16 పిన్నుల కనెక్టర్ 600 వాట్ల వరకు మోస్తుంది కనుక, దాన్ని పూర్తిగా లోపలికి నొక్కి, మధ్యలో సందు లేదని టార్చి వేసి చూసుకోవాలి. 2022లో ఆర్‌టీఎక్స్ 4090 కార్డుల కనెక్టర్లు కరిగినప్పుడు, అవి పూర్తిగా దిగకపోవడం తరచుగా కనిపించిన కారణమని ఎన్విడియా ప్రకటించింది. కేబుల్‌ను కనెక్టర్ మొదట్లోనే వంచకూడదు, మూడు నాలుగు సెంటీమీటర్లు నిటారుగా పోనివ్వాలి.

క్యాబినెట్ లోపల అంతా సరిగ్గా ఉంటే గోడ వైపు చూడాలి. ఇళ్లలో ఎక్కువగా కనిపించే 600 వీఏ యూపీఎస్ నిజంగా ఇచ్చేది సుమారు 360 వాట్లే. బ్రౌజింగ్ చేసినంతసేపూ అది బాగానే ఉంటుంది, గేమ్ మొదలుపెట్టగానే చేతులెత్తేస్తుంది. పరీక్ష కోసం యూపీఎస్‌నూ ఎక్స్‌టెన్షన్ బాక్స్‌నూ పక్కకు తప్పించి, ఎర్త్ సరిగ్గా ఉన్న గోడ సాకెట్‌కు నేరుగా పెట్టి ఆడి చూడాలి.

ఇప్పుడు ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్‌ను 70 శాతానికి దించి, ఎప్పుడూ క్రాష్ అయ్యే గేమ్‌నే గంటసేపు ఆడాలి. క్రాష్ ఆగితే అనుమానం ఎస్ఎంపీఎస్, కేబుల్, వేడి మీదే నిలుస్తుంది. చాలామంది ఈ పనికి ఫర్‌మార్క్ అనే పరీక్షా సాఫ్ట్‌వేర్ నడుపుతారు గానీ, అది కార్డు మీద ఎడతెగని సమాన భారం వేస్తుంది. గేమ్‌లో భారం ఒక్కసారిగా పెరిగి తగ్గుతూ ఉంటుంది, ఎస్ఎంపీఎస్ తట్టుకోలేనిది ఆ ఊపునే. అందువల్ల ఫర్‌మార్క్‌లో నెగ్గిన యంత్రం బాగున్నట్టు కాదు.

నాలుగవ దశ: డ్రైవర్

వేయబోయే డ్రైవర్‌ను ముందే డౌన్‌లోడ్ చేసుకుని, విండోస్ తనంతట తాను మరొకటి వేయకుండా ఇంటర్నెట్ ఆపి, సేఫ్ మోడ్‌లో (అత్యవసరమైనవి మాత్రమే నడిచేలా విండోస్ తెరిచి) డీడీయూ నడిపి, రీస్టార్ట్ చేసి డ్రైవర్ వేయాలి. అన్నిటికన్నా తాజాదాన్ని కాక, దానికి ముందుదాన్నే వేయాలి. విండోస్ సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో, మొదటి దశలో చెప్పిన 2 సెకన్ల గడువును పెంచమనే సలహాను పాటించకూడదు. గేములలో దానివల్ల క్రాష్ ఆలస్యమవుతుందే తప్ప ఆగదు.

ఐదవ దశ: కార్డు మార్చి చూడటం

అప్పటికీ తేలకపోతే కార్డును తీసి, స్లాట్ చివరి లాక్ పడేలా తిరిగి పెట్టాలి. ఆ తరువాత దాన్ని మరొక కంప్యూటర్‌లో పెట్టి అదే గేమ్ ఆడాలి. అక్కడ బాగుంటే దోషం కార్డుది కాదు, ప్రాసెసర్‌ది కూడా కావచ్చు. ఇంటెల్ 13, 14వ తరాల ఐ9 ప్రాసెసర్లలో లోపం ఉన్నప్పుడు గేములు వీడియో మెమరీ చాలలేదని సందేశం చూపాయి. దాన్ని నమ్మి కార్డును నిందించినవారు ఎందరో. లోపం ప్రాసెసర్‌కు అందే వోల్టేజీలో ఉందని తేలి, ఇంటెల్ 2024 ఆగస్టులో మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) సవరణ విడుదల చేసి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. ఆ ప్రాసెసర్ ఉన్నవారు ముందుగా మదర్‌బోర్డు బయోస్‌ను అప్‌డేట్ చేయాలి.

రెండవ కంప్యూటర్‌లోనూ క్రాష్ అయితే వారంటీకి పంపాలి. హీట్‌సింక్ విప్పకుండా, సీరియల్ నంబర్ స్టిక్కర్ చెడకుండా, బిల్లుతో పాటు ఇంతవరకు రాసుకున్న కాగితం ప్రతిని కూడా జతచేయాలి. ఏ గేమ్‌లో, ఎంతసేపటికి, ఏ ఉష్ణోగ్రత దగ్గర ఆగిందో అందులో ఉంటే సర్వీస్ సెంటర్‌వారు ఆ క్రాష్‌ను తమ దగ్గర మళ్లీ రప్పించగలుగుతారు.