2.2 గాజుల చేతికి సరిపడే పిస్టల్

లాడ్ బజార్‌లో గాజులమ్మే పెద్దాయన నా బొటనవేలిని అరచేతిలోకి మడిచి, కణుపుల దగ్గర ఒకసారి అదిమి చూసి "2.2 అమ్మా" అనేస్తాడు. ఆ తర్వాతే పెట్టె దించుతాడు. పదేళ్ల కిందట నేను ఎయిర్ పిస్టల్ కొన్నప్పుడు మాత్రం నా చెయ్యి ఎవరూ చూడలేదు. "అందరూ మీడియమ్ గ్రిప్పే తీసుకుంటారు మేడమ్, అలవాటైపోతుంది" అన్నారు. గ్రిప్ అంటే పిస్టల్‌కు ఉండే చెక్క పిడి. నమ్మాను. ఏడాదిన్నర పాటు పెల్లెట్లు ఎడమకే పోతుంటే నా ట్రిగ్గర్ వేలే సరిగ్గా లేదనుకుని రోజూ ఇంకో వంద డ్రై షాట్లు (పెల్లెట్ లేకుండా ఉత్తినే ట్రిగ్గర్ నొక్కే సాధన) కొట్టాను. చివరికి తేలిందేమిటంటే ఆ చెక్క నా చేతికి ఒక సైజు పెద్దది. ఇంకెవరికీ అలా ఏడాదిన్నర పోకూడదని ఇదంతా రాస్తున్నాను.

నేను చెప్పేది 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ గురించి. ఒంటిచేత్తో కాల్చే ఆట ఇది. 75 నిమిషాల్లో 60 షాట్లు. టార్గెట్‌లో పది పాయింట్ల వలయం అడ్డకొలత 11.5 మిల్లీమీటర్లు, అంటే చొక్కా బొత్తాం అంత. పిస్టల్ దాదాపు కిలో ఉంటుంది, నిబంధన ప్రకారం 1500 గ్రాములు దాటకూడదు. ట్రిగ్గర్ బరువు 500 గ్రాములకు తగ్గకూడదు. అంత చిన్న బొత్తాం మీదికి కిలో బరువును ఒక్క చేత్తో అరవై సార్లకు పైగా ఎత్తుతున్నప్పుడు, గ్రిప్‌లో రెండు మిల్లీమీటర్ల తేడా కూడా స్కోరులో కనబడుతుంది.

ముందు చెయ్యి కొలుచుకోండి. తెల్ల కాగితం మీద అరచెయ్యి పరిచి, పెన్సిల్ నిటారుగా పట్టుకుని చుట్టూ గీయండి. రెండు కొలతలు కావాలి. ఒకటి బొటనవేలు వదిలేసి నాలుగు వేళ్ల మొదళ్ల దగ్గర అడ్డంగా వెడల్పు. రెండోది మణికట్టు గీత నుంచి నడిమి వేలి కొస దాకా పొడవు. నావి 7 సెంటీమీటర్లు, 16 సెంటీమీటర్లు. ఈ రెండూ వేరువేరు సంగతులని చాలామందికి తోచదు. గాజుల సైజు వెడల్పు గురించే చెబుతుంది. వెడల్పు తక్కువై వేళ్లు పొడవుగా ఉన్నవాళ్లుంటారు, అరచెయ్యి బొద్దుగా ఉండి వేళ్లు పొట్టిగా ఉన్నవాళ్లుంటారు. గ్రిప్ లావు వెడల్పుకు సరిపోవాలి, ట్రిగ్గర్ దూరం వేలి పొడవుకు సరిపోవాలి. కంపెనీలు ఎక్స్‌ట్రా స్మాల్, స్మాల్, మీడియమ్, లార్జ్ అని అమ్ముతాయి కానీ ఒకరి స్మాల్ ఇంకొకరి స్మాల్‌తో కలవదు. అందుకే కాగితం మీది కొలతలు మొదటి వడపోతకే. అసలు పరీక్ష చేతిలో పట్టుకున్నాకే.

ఆ పట్టుకోవడం కొట్లో కన్నా షూటింగ్ రేంజ్‌లో మేలు. గచ్చిబౌలిలో గానీ మీ ఊళ్లో గానీ, చేతులు మీ అంతే ఉన్న షూటర్ని చూసుకుని "అక్కా, ఒక్కసారి పట్టుకుని చూడొచ్చా" అని అడగండి. కాదనేవాళ్లు తక్కువ. పిస్టల్ ఖాళీ అని ఇద్దరూ కళ్లారా చూడాలి, ముక్కు టార్గెట్ వైపే ఉండాలి, ట్రిగ్గర్ డ్రై మీదే (ఉత్తినే నొక్కే అమరికలో) ఉండాలి. పక్క లేన్‌లో ఎవరైనా టార్గెట్ దగ్గరికి వెళ్తుంటే అసలు ముట్టుకోవద్దు.

ఇప్పుడు ఎడమచేత్తో పిస్టల్ ముందు భాగం పట్టుకుని, కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే గుంటను గ్రిప్ వెనక ఎంత పైకి వెళ్తే అంత పైకి నొక్కండి. ఆ తర్వాతే మిగతా వేళ్లు మూయండి. పై నుంచి చూస్తే పిస్టల్ గొట్టం, మీ ముంజేయి ఒకే గీతలో ఉండాలి. గ్రిప్ పెద్దదైతే ట్రిగ్గర్ అందుకోవడానికి చెయ్యి తనకు తెలియకుండానే పక్కకు తిరుగుతుంది. అప్పుడు పిస్టల్ వెనక భాగం ఆ గుంటలో కాక బొటనవేలి ఎముక మీద కూర్చుంటుంది. నా చేతికి అక్కడ చిన్న కాయ కాసింది. దాన్ని సాధన గుర్తు అనుకున్నానే తప్ప, గ్రిప్ చెబుతున్న మాట అని తెలుసుకోలేదు.

తర్వాత ట్రిగ్గర్. వేలి మొదటి కణుపు మెత్త మధ్యలో ట్రిగ్గర్ ఆనాలి. వేలి మిగతా భాగానికీ చెక్కకూ మధ్య కాగితం దూరేంత సందు ఉండాలి. వేలి కొస మాత్రమే అందితే, కుడిచేతి వాటం వాళ్లు నొక్కినప్పుడల్లా పిస్టల్‌ను ఎడమకు నెడతారు. నాకు జరిగింది అదే. మ్యాచ్ పిస్టళ్లలో ట్రిగ్గర్ ముందుకూ వెనక్కూ జరుగుతుంది. దాన్ని పూర్తిగా వెనక్కు లాగేశాక కూడా కొసే అందుతోందంటే ఆ గ్రిప్ మీది కాదు. చిన్న ఆలెన్ కీతో రెండు నిమిషాల్లో తేలిపోయే పరీక్ష ఇది.

అరచేతి కింద ఆనే పామ్ షెల్ఫ్ కూడా నిజం చెబుతుంది. దాన్ని పైకి జరిపి, చెయ్యి కింది అంచుకు తాకగానే ఆపి బిగిస్తాం. చిటికెన వేలు నలగకూడదు. అది పైకి పోగలిగినంత పోయాక కూడా కింద సందు మిగిలితే, మళ్లీ అదే మాట, పెద్ద గ్రిప్.

ఇక నేను అన్నిటికన్నా నమ్మేది కళ్లు మూసుకుని చేసే పరీక్ష. పిస్టల్ ఎత్తి, టార్గెట్ మీద ఆపి, కళ్లు మూసుకుని రెండు ఊపిరులు తీసుకుని తెరవండి. గురి చూసే వెనక సైట్ గాడిలో ముందు సైట్ మధ్యన నిలిచి ఉండాలి. పది సార్లు చెయ్యండి. ఒకటి రెండుసార్లు తప్పితే ఫరవాలేదు. ప్రతిసారీ ఒకే పక్కకు పోతోందంటే మీ మణికట్టు ఆ గ్రిప్‌తో రోజూ పోట్లాడుతోందని. పోటీ చివరి పది షాట్లలో అలిసిపోయిన మణికట్టు ఆ పోట్లాట మానేస్తుంది, స్కోరు అక్కడే జారుతుంది.

పిస్టల్ ఇప్పటికే కొనేసి ఉంటే దిగులు పడకండి. గ్రిప్ విడిగా దొరుకుతుంది, మరలు విప్పితే ఊడి వస్తుంది. మోరీనీ, స్టెయర్, వాల్తర్, పార్డీనీ, ఏదైనా సరే. లక్షకు పైగా పెట్టిన పిస్టల్ మార్చేముందు గ్రిప్ మార్చండి. లేదా నాలా చెక్కుకోండి. చేతికి పౌడర్ రాసుకుని గ్రిప్ గట్టిగా పట్టుకుని వదిలాను. వాల్‌నట్ చెక్క మీద ఆనిన చోటల్లా తెల్లగా పడింది. బొటనవేలి మొదట్లో ఒక మచ్చ మరీ దట్టంగా ఉంది, అరచేతి గుంటలో అసలు తెలుపే లేదు. దట్టంగా ఉన్న చోట సన్నటి ఆకురాయితో, తర్వాత 120 నంబరు ఉప్పుకాగితంతో కొంచెం కొంచెం తీశాను. ఖాళీ చోట ఎం-సీల్ పిసికి అతికించి, పైన పల్చటి ప్లాస్టిక్ పరిచి, కాల్చేటప్పుడు పట్టుకునేంత బిగువుగానే పట్టుకుని అచ్చు తీశాను. ఆరాక మళ్లీ పౌడర్, మళ్లీ ఆకురాయి. మూడు ఆదివారాలు పట్టింది. తీసిన చెక్క తిరిగి రాదు కాబట్టి ఒక్కరోజులో ముగించాలనుకోకండి. నిబంధనలు కూడా గుర్తుండాలి. మణికట్టుకు ఏ ఆసరా ఉండకూడదు, బొటనవేలు పైకి స్వేచ్ఛగా కదలాలి, పామ్ షెల్ఫ్ గ్రిప్‌తో 90 డిగ్రీలకు తగ్గని కోణంలో ఉండాలి, అంచులు చేతిని చుట్టేలా వంగకూడదు. పోటీ రోజు పరికరాల తనిఖీలో ఇవి చూస్తారు.

మణికట్టు సన్నగా ఉన్నవాళ్లు గొట్టం పొడవు కూడా చూసుకోండి. ముందు బరువు ఎక్కువైతే గ్రిప్ ఎంత కుదిరినా ముక్కు వాలుతుంది. స్టెయర్‌లో కాంపాక్ట్, మోరీనీలో షార్ట్ రకాలు ఇందుకే ఉన్నాయి.

మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2018లో 13 ఏళ్లకే జాతీయ చాంపియన్ అయ్యాక, ఆ వయసు పిల్లల్ని తీసుకుని రేంజ్‌కు వచ్చే అమ్మానాన్నలు నాకు చాలామంది కనిపిస్తున్నారు. "ఎదిగే పిల్ల కదా" అని స్కూలు బూట్లలా ఒక సైజు పెద్ద గ్రిప్ కొనకండి, దయచేసి. ఇవాళ్టి చేతికి సరిపోయేదే కొనండి. పెద్దయ్యాక గ్రిప్ మార్చి, పాతది రేంజ్‌లో ఇంకో చిన్న చేతికి ఇచ్చేయొచ్చు. చెయ్యి తిప్పి పట్టుకోవడం పన్నెండేళ్లకు అలవాటైతే, దాన్ని మాన్పించడానికి కోచ్‌కు రెండేళ్లు పడుతుంది.

గ్రిప్ మార్చిన రోజు సైట్ల జోలికి వెళ్లకండి. మొదటి వారం తెల్లగోడ మీద డ్రై చెయ్యండి, టార్గెట్ వద్దు. రెండో వారం కాల్చండి, పెల్లెట్లు ఎక్కడ గుంపు కడుతున్నాయో చూడండి. గుంపు చిన్నదయ్యాకే సైట్‌ను పక్కకు జరిపే మర క్లిక్కులు తిప్పండి. నాకు ఎడమకు ఆరు క్లిక్కులు తిప్పాల్సి వచ్చింది. అంతకాలం నా తప్పును దాచడానికి కుడికి తిప్పి పెట్టుకున్నవి సరిగ్గా ఆ ఆరే.