కల్పిత రాజ్యాల ఆట – నాలుగవ పాఠం: దండు నడక, దివాణంలో కుట్ర

గత పాఠంలో మన రాజ్యానికి పటం గీసుకున్నాము: పడమట కొండలు, తూర్పున సముద్రం, నడుమ నాగావళి, వంశధారల వంటి రెండు నదులు, వాటిలో కలిసే గెడ్డలు. ఇప్పుడు ఆ పటం మీద దండును నడిపించాలి, దివాణంలో కుట్రకు తెర తీయాలి. ఈ రెంటినీ ఒకే పాఠంలో చెప్పడానికి కారణముంది. ధాన్యం ఎవరి గాదెల్లో ఉన్నది, పడవల రేవు ఎవరి చేతిలో ఉన్నది, కోట తలుపు ఎవరి మాటకు తెరుచుకుంటుంది అనే ప్రశ్నలకు జవాబు యుద్ధభూమిలో కాక దివాణంలోనే తేలుతుంది. ఆ జవాబు లేని దండు పటం మీద గీత దాటి కదలలేదు.

రోల్ ప్లేయింగ్ ఆటకు, అంటే ఒక్కొక్కరు ఒక పాత్రను ధరించి కథను నడిపే ఆటకు, కొత్తవారు తమ రాజుకు 50,000 కాల్బలం, 10,000 గుర్రాలు అని తోచినట్లు రాసుకుంటారు. ఎదుటి ఆటగాడు 60,000 అని రాస్తే కాదనడానికి ఆధారమేమీ ఉండదు. అందుచేత లెక్కను మనుషులతో కాక గింజలతో మొదలుపెట్టాలి. మనిషికి రోజుకు ఒక కిలో బియ్యమో చోళ్లో (రాగులో) కావాలని, ఎడ్లబండి 5 క్వింటాళ్లు మోసి రోజుకు 15 కిలోమీటర్లు నడుస్తుందని మన ఆటకు నియమం పెట్టుకుందాము. 3,000 మంది 150 కిలోమీటర్ల దూరంలోని కోటను చేరడానికి 10 రోజులు పడుతుంది. దానికి 300 క్వింటాళ్ల గింజలు, 60 బండ్లు కావాలి. కోటను ముట్టడించి నెల రోజులు కూర్చుంటే మరో 900 క్వింటాళ్లు, అంటే ఇంకో 180 బండ్ల ధాన్యం, వెనుకనుంచి తెగకుండా వస్తూ ఉండాలి. ఇందులో ఎడ్ల మేత, బండి తోలేవారి తిండి, గుర్రాల దాణా కలపనే లేదు. ఈ లెక్క వేసిన ఆటగాడికి శత్రువు కోటకంటె శత్రువు బండ్ల దారి ముఖ్యమని ఎవరూ చెప్పనక్కరలేదు.

ఋతువును కూడా లెక్కలోకి తీసుకోవాలి. వానాకాలంలో గెడ్డలు పొంగి బండిదారి తెగిపోతుంది. పైగా వరి నాట్ల వేళ ఊళ్లనుంచి బంట్లను పిలిపిస్తే ఆ ఏడు పంట తగ్గి, మరుసటి ఏడు కోశం చిక్కిపోతుంది. కోతలు ముగిసి, నేల ఆరి, గాదెలు నిండిన నెలలే దండు కదలడానికి అనువైనవి. ఆక్రమించిన ఊరిలో గింజలు దొరుకుతాయనుకుంటే, ఆ ఊరివారు ముందుగా వాటిని పాతరలో దాచే అవకాశాన్ని ఎదుటి ఆటగాడికి ఇవ్వాలి.

ఇక కుట్ర. దీనికి మన ఉత్తరాంధ్ర చరిత్రకంటె మంచి పాఠం నాకు కనబడదు. 1753లో హైదరాబాదు పాలకుడు సలాబత్ జంగ్ శ్రీకాకుళంతో సహా నాలుగు సర్కార్లను (పాలనా ప్రాంతాలను) ఫ్రెంచివారికి ఇచ్చాడు. ఆ రాబడితో సైన్యానికి జీతాలు చెల్లించుకోవాలన్నది ఏర్పాటు. కనుక ఫ్రెంచి సేనాని బుస్సీకి కావలసింది శిస్తు. విజయనగరం ప్రభువు విజయరామరాజుకు కావలసింది బొబ్బిలి పొరుగు తొలగిపోవడం. బొబ్బిలి ప్రభువు రంగారావుకు కావలసింది తన కోటలో తాను ఉండడం. బదులుగా మరోచోట భూములు ఇస్తామన్నా ఆయన కదలలేదు. ఈ ముగ్గురి కోరికలూ వేర్వేరు. అవి ఒకే చోట ఢీకొన్నందువల్ల 1757 జనవరి 24న బొబ్బిలి కోట కూలింది. కొద్ది రోజులకే బొబ్బిలి సేనాని తాండ్ర పాపారాయుడు విడిది గుడారంలో ప్రవేశించి విజయరామరాజును చంపాడు.

చాలామంది ఆటగాళ్లు కథను ఇక్కడే ఆపుతారు. అసలు రాజకీయం ఇక్కడినుంచే మొదలవుతుంది. విజయరామరాజు తరువాత వచ్చిన ఆనందగజపతిరాజు ఫ్రెంచివారి చెలిమిని కొనసాగించలేదు. 1758లో ఫ్రెంచి సేనల అధిపతి లాలీ బుస్సీని దక్షిణానికి పిలిపించుకోగానే ఆయన ఇంగ్లీషువారిని ఆశ్రయించాడు. ఇంగ్లీషు కంపెనీ తరఫున క్లైవు బెంగాలునుంచి సేనాని ఫోర్డును పంపాడు. ఆ డిసెంబరులో చందుర్తి వద్ద ఫ్రెంచివారు ఓడిపోయారు. ఒక గుడారంలో జరిగిన హత్యతో గద్దె చేతులు మారింది, కొత్త ప్రభువు పక్షం మార్చాడు, దాని ఫలితం రెండేళ్లు తిరగకముందే ఒక పెద్ద యుద్ధంలో కనబడింది. మన ఆటలోనూ ముఖ్యపాత్ర మరణించిన ప్రతిసారి మిగిలిన పాత్రలందరి కోరికలనూ భయాలనూ కొత్తగా రాసుకోవాలి. అలా రాయకపోతే ఆ మరణం వృథా అయినట్లే.

మనది కలిసి ఆడే ఆట కాబట్టి మరొక నియమం తప్పనిసరి. పక్కవారి పాత్ర మన సొత్తు కాదు. “నా వేగు మీ మంత్రికి విషం పెట్టాడు, మంత్రి చనిపోయాడు” అని రాయకూడదు. ప్రయత్నాన్ని మాత్రమే రాసి, ఫలితాన్ని పాచికలకో, ఆటను నడిపి తీర్పు చెప్పే గేమ్ మాస్టరుకో విడిచిపెట్టాలి. జర్మన్ రాజ్యమైన ప్రష్యా సైన్యంలో రైస్‌విట్జ్ అనే అధికారి 1824లో ప్రవేశపెట్టిన యుద్ధక్రీడలోనూ ఇరుపక్షాల ఆజ్ఞలను అందుకొని ఫలితం చెప్పే మధ్యవర్తి ఉండేవాడు. 1959లో వెలువడిన డిప్లొమసీ అనే బల్లమీది ఆటలో అందరూ ఆజ్ఞలను రహస్యంగా రాసి, ఒకేసారి బయటపెడతారు. ఈ పద్ధతిని మనం యథాతథంగా తీసుకోవచ్చు: ప్రతి వంతుకు ముందు దండు ఆజ్ఞను, కుట్ర చీటీని మడిచి గేమ్ మాస్టరుకు ఇవ్వాలి.

ఆ చీటీలో కుట్ర విడిచే జాడలను కూడా రాయాలి. ఈ పాఠంలో నేను గట్టిగా పట్టుబట్టే విషయం ఇదే. తీర రాజ్యపు మంత్రి ఒకడు కొండదారిలో ఉప్పు బండ్లను దోపిడీ చేయించి, ఆ నేరాన్ని కొండదొర మీద మోపాలనుకున్నాడనుకోండి. బండి తోలినవారిలో ఒకడు బతికి ఉన్నాడు. సుంకపు చీటీ మీద ముద్ర లేదు. ఉప్పు ధర పెరుగుతుందని ముందే తెలిసినట్లు ఒక వర్తకుడు సరుకు నిలవచేశాడు. కొండదొర పాత్రధారి ఈ మూడింటిలో ఏ ఒక్కటి పట్టుకున్నా మంత్రిదాకా రాగలగాలి. జాడ లేని కుట్ర ఎదుటి ఆటగాడికి ఉట్టి పిడుగుపాటుగా మిగులుతుంది. అతడు చేయగలిగింది ఏమీ ఉండదు. నా మట్టుకు విషం, బాకులకంటె ఉత్తరం, పెళ్లి సంబంధం, శిస్తు బకాయి ఎక్కువ కథను పుట్టిస్తాయి, ఎందుకంటే వాటికి సాక్షులు ఎక్కువ.

ఈ వారం అభ్యాసం: 2,000 మంది దండు, 40 బండ్లు. గమ్యం 120 కిలోమీటర్లు, నడుమ ఒక నది. 6వ రోజున వాన పట్టి నది పొంగింది. రేవులోని పడవలు మీతో పాత పగ ఉన్న సామంతుడివి. గింజలు ఎన్ని రోజులు వస్తాయో లెక్కగట్టి, సేనాపతికి మూడు వాక్యాల ఆజ్ఞ రాయండి. సామంతునితో బేరానికి పోయే దూత పాత్రను మీ పక్క ఆటగాడికి అప్పగించి, అతనికి మీరు చెప్పని రహస్యం ఒకటి, దానిని అతడు కనిపెట్టగల జాడలు రెండు విడి చీటీ మీద రాసి గేమ్ మాస్టరుకు ఇవ్వండి. అయిదవ పాఠాన్ని ఆ చీటీలు విప్పి మొదలుపెడదాము.