పండగల సీజన్: బడిలో ఏ బిడ్డా పక్కన మిగిలిపోకుండా

హైదరాబాద్ బడుల్లో బతుకమ్మతో మొదలై దీపావళి, క్రిస్మస్, సంక్రాంతి ముగ్గులు వరసగా వచ్చేస్తాయి. టీచర్లు డెకరేషన్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు పోయినేడు సెలబ్రేషన్స్ రోజు అటెండెన్స్ రిజిస్టర్ తీయండి. ఎప్పుడూ బడి మానని పిల్లలు సరిగ్గా ఆ రోజే జ్వరమని రాలేదంటే, కారణం చాలాసార్లు జ్వరం కాదు.

ఎక్కువగా చిక్కు వచ్చేది బట్టల దగ్గరే. రాత్రి తొమ్మిదింటికి క్లాస్ వాట్సాప్ గ్రూపులో "రేపు పట్టులంగా కంపల్సరీ" అని మెసేజ్ పడుతుంది. ఇస్త్రీ బండి మీద బతికే ఇంట్లో ఆ వేళప్పుడు పట్టులంగా ఎక్కడ దొరుకుతుంది? తల్లి పక్కింటివాళ్లను అడగాలి, లేదంటే బిడ్డను ఆపేయాలి. అందుకే పది రోజుల ముందే చెప్పండి. "ఉన్న బట్టల్లో నచ్చినవి వేసుకోండి, యూనిఫామ్‌లో వచ్చినా సరే" అని స్పష్టంగా రాయండి. చందా ఇవ్వని పిల్లల పేర్లు గ్రూపులో పెట్టడం మాత్రం ఎంతమాత్రం వద్దు. సీక్రెట్ శాంటాకు (క్రిస్మస్‌కు చీటీలు తీసి, పేరు వచ్చినవాళ్లకు గుట్టుగా గిఫ్టు ఇచ్చే ఆట) కొన్న గిఫ్టులు వద్దని, చేత్తో చేసిన కార్డు చాలని ముందే అందరికీ చెప్పేయండి.

పూజ విషయంలో రాజ్యాంగమే దారి చూపిస్తోంది. ప్రభుత్వ గుర్తింపు లేదా సాయం ఉన్న బడిలో మతబోధనకు, ప్రార్థనకు ఎవరినీ బలవంతంగా కూర్చోబెట్టకూడదని, మైనర్లయితే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని 28(3) అధికరణం చెబుతుంది. జాతీయ గీతం వేళ గౌరవంగా నిలబడి, మత విశ్వాసం వల్ల పాడని ముగ్గురు కేరళ పిల్లలను బడి నుంచి తీసేయడం తప్పని 1986లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కాబట్టి బతుకమ్మ ఆడనన్న పిల్లను అందరి ముందు "ఎందుకు?" అని అడగకండి. అలాగని లైబ్రరీలో ఒంటరిగా కూర్చోబెట్టినా శిక్షలాగే ఉంటుంది. తంగేడు, గునుగు పూలు ఎక్కడ పూస్తాయో చార్టు గీయడమో, ఫొటోలు తీయడమో, తనకు నచ్చిన పని ఇవ్వండి. "రంజాన్ గురించి నువ్వు చెప్పు" అని క్లాసులో ఉన్న ఒక్క ముస్లిం పిల్లాణ్ని నిలబెట్టడం కూడా ఇబ్బందే. వాడే చెబుతానంటే వేరే సంగతి.

రంజాన్ ఏటా పోయినేటికంటే దాదాపు 11 రోజులు ముందే వస్తుంది. స్పోర్ట్స్ డే, యూనిట్ టెస్టులు పెట్టేముందు క్యాలెండర్ చూడండి. ఉపవాసం ఉన్న పిల్లలకు లంచ్ వేళ కూర్చోవడానికి వేరే చోటు చూపించండి.

కేకులో గుడ్డు ఉందో లేదో ముందే చెప్పాలి. జైన కుటుంబాల పిల్లలు తినరు.

డప్పులు, స్పీకర్ల మోత ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరికి భరించలేనంత బాధ. ముందురోజే ఆ చోటుకు తీసుకెళ్లి ఏమేం జరుగుతుందో చెప్పండి. అలవాటైన ఆయమ్మతో ఒక నిశ్శబ్దమైన గది సిద్ధంగా ఉంచండి. ఎప్పుడు వెళ్లాలో, ఎప్పుడు రావాలో బిడ్డ ఇష్టం.

ఇంట్లో ఎవరైనా చనిపోయి ఆ ఏడాది పండగ లేని పిల్లలెవరో క్లాస్ టీచర్‌కు తెలిసుండాలి. సెలవుల తర్వాత "ఏ ఊరెళ్లావు, ఏం కొన్నారు?" అని వ్యాసం రాయించకండి. బిల్డింగ్ పని దగ్గరి షెడ్డులోనే సెలవులు గడిపిన పిల్లలూ ఆ క్లాసులో ఉంటారు. "సెలవుల్లో చూసిన ఏదైనా ఒక విషయం" అని ఇస్తే అందరూ రాయగలరు.