ఫోన్ల కంపెనీల పోటీని అర్థం చేసుకుని మంచి ఫోను ఎలా కొనాలి?

2014 చివరి మూడు నెలల్లో మన దేశంలో స్మార్ట్‌ఫోన్ల అమ్మకాల్లో శాంసంగ్‌ను మన దేశపు కంపెనీ మైక్రోమ్యాక్స్ దాటిందని కెనాలిస్ అనే పరిశోధన సంస్థ లెక్క తేల్చింది. 2016 సెప్టెంబరు 5న జియో 4జీ సేవలు మొదలయ్యాయి. దేశీయ కంపెనీలు ఇంకా 3జీ ఫోన్ల నిల్వలను వదిలించుకునే పనిలో ఉండగానే, 4జీ ఫోన్లతో సిద్ధంగా ఉన్న చైనా కంపెనీలు మార్కెట్టును ఆక్రమించాయి. 2017 చివరికి మొదటి స్థానం షియోమీది. ఒకప్పుడు ప్రపంచాన్ని ఏలిన నోకియా ఫోన్ల విభాగం 2014 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్లింది. ఎల్‌జీ 2021 ఏప్రిల్‌లో ఫోన్ల వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్లు ప్రకటించింది.

పైచేయి ఇంత తొందరగా మారే వ్యాపారంలో ప్రతి కంపెనీ ముందుగా చూసుకునేది దుకాణం అద్దాల వెనక కొనేవారి కన్ను దేనిమీద పడుతుందన్నదే. డబ్బంతా అక్కడే పెడుతుంది. కంటికి కనబడని భాగాల్లో మిగుల్చుకుంటుంది. కాబట్టి ఫోను కొనడమంటే ఆ కనబడని భాగాలను వెతికి చూడడమే. పది, ఇరవై వేల రూపాయలు చాలా కుటుంబాలకు చిన్న మొత్తం కాదు. దాన్ని ఖర్చు చేసే ముందు ఒక సాయంత్రం కూర్చుని ఈ పని చేయండి.

1. ముందు మీ అవసరం, మీ నెట్‌వర్కు రాసుకోండి

ఫోను ఎవరు వాడతారు, ఎన్నేళ్లు వాడాలి, ఎంత పెట్టగలరు. ఈ మూడూ కాగితం మీద పెట్టకుండా దుకాణానికి వెళితే అమ్మకందారు చెప్పిందే మీ అవసరమవుతుంది.

నెట్‌వర్కు సంగతి మాత్రం కొంచెం నిదానంగా చూడాలి. అన్ని 5జీ ఫోన్లూ ఒకే రకం కావు. జియో 5జీ స్టాండలోన్ పద్ధతిలో నడుస్తుంది, అంటే 4జీ ఆసరా లేకుండా విడిగా పనిచేస్తుంది. అందుకని ఫోను వివరాల్లో ‘ఎస్‌ఏ’ అని ఉందో లేదో చూడండి. ఫోను అందుకోగల తరంగాల శ్రేణులను బ్యాండ్లంటారు. ఆ జాబితాలో ఎన్78తో పాటు ఎన్28 కూడా ఉంటే మేలు. ఎన్28 అంటే 700 మెగాహెర్ట్జ్. ఆ తరంగాలు ఎక్కువ దూరం వెళతాయి, గోడలను దాటుకుని ఇంట్లోకి బాగా వస్తాయి. పల్లెల్లోనూ, లోపలి గదుల్లోనూ తేడా తెలుస్తుంది.

2. ఎవరు ఎవరితో పోటీ పడుతున్నారో తెలుసుకోండి

దుకాణంలో పది పేర్లు కనబడితే పది కంపెనీలున్నట్లు కాదు. రెడ్‌మీ, పోకో షియోమీ నుంచి పుట్టినవే. ఐకూ వివోది. రియల్‌మీ 2018లో ఒప్పో నుంచి వచ్చింది, వన్‌ప్లస్‌కు కూడా ఒప్పోతో దగ్గరి బంధముంది. ఒకే గూటి నుంచి వచ్చిన రెండు పేర్ల ఫోన్లను పక్కపక్కన పెట్టి వివరాలు పోల్చండి. ప్రాసెసరు, తెర, బ్యాటరీ అన్నీ ఒకటే అయి వెనక అట్ట, ధర మాత్రమే వేరుగా ఉన్న జంటలు దొరుకుతాయి. అప్పుడు తక్కువ ధరది తీసుకోండి.

తయారయ్యే చోటు కూడా అంతే. 2015 ఆగస్టులో, ఇతర కంపెనీలకు ఫోన్లు బిగించి ఇచ్చే ఫాక్స్‌కాన్‌తో కలిసి షియోమీ మన శ్రీసిటీలో ఫోన్లు బిగించడం మొదలుపెట్టింది. తెలుగు నేల మీద ఆ పని జరగడం సంతోషమే. అయితే ఇలాంటి కర్మాగారాలు పలు కంపెనీలకు ఫోన్లు బిగించి ఇస్తాయి కాబట్టి ‘ఇక్కడే తయారైంది’ అన్న ముద్రను బట్టి నాణ్యతనో సర్వీసునో అంచనా వేయలేం.

3. వివరాల పట్టికలో పెద్ద అంకెలను దాటి చదవండి

కంపెనీలు అత్యంత తెలివిగా పోటీ పడేది ఈ పట్టికలోనే.

ర్యామ్ దగ్గర ‘16 జీబీ’ అని పెద్దగా రాసి, కింద చిన్న అక్షరాల్లో ‘8 + 8’ అని ఉంటే అసలు ర్యామ్ ఎనిమిదే. మిగతా ఎనిమిది స్టోరేజీలోంచి అరువు తెచ్చుకున్నది, దాని వేగం అసలు ర్యామ్ దరిదాపుల్లోకి కూడా రాదు. మొదటి అంకెను మాత్రమే లెక్కలోకి తీసుకోండి.

స్టోరేజీ ఎన్ని జీబీలో అందరూ చూస్తారు, ఏ రకమో చూసేవారు తక్కువ. నా దృష్టిలో తక్కువ ధర ఫోన్లలో తప్పనిసరిగా అడగాల్సిన ప్రశ్న ఇదే. ఈఎమ్ఎమ్‌సీ అనే పాత రకం కంటే యూఎఫ్ఎస్ రకం చదివే వేగం మూడింతలకు పైగా ఉంటుంది. కొన్న కొత్తలో రెండూ బాగానే ఉన్నట్లనిపిస్తాయి. ఏడాది గడిచి, ఫొటోలు, వాట్సాప్ వీడియోలు నిండాక ఈఎమ్ఎమ్‌సీ ఫోను ప్రతి పనికీ ఆలోచించడం మొదలుపెడుతుంది. ‘ఫోను స్లో అయింది’ అని జనం బాధపడే చాలా సందర్భాల్లో మూలం ఇక్కడుంటుంది.

ప్రాసెసరు పేరు కొత్తదైనంత మాత్రాన చిప్ కొత్తది కాదు. చిప్‌ల కంపెనీ మీడియాటెక్ తన డైమెన్సిటీ 810ను కొద్ది మార్పులతో డైమెన్సిటీ 6080 పేరుతో మళ్లీ తెచ్చింది. పేరు పక్కన ఎన్ని నానోమీటర్లో (ఈ అంకె చిన్నదైతే సాధారణంగా కొత్త తరం), లోపలి కోర్లు, అంటే లెక్కలు చేసే భాగాలు, ఏ సంవత్సరపువో చూస్తే అసలు వయసు తెలుస్తుంది.

కెమెరాలో 108 మెగాపిక్సెళ్లని రాసినా మామూలుగా తీసే ఫొటో 12 మెగాపిక్సెళ్లదే. తొమ్మిది పిక్సెళ్లను కలిపి ఒకటిగా చేస్తారు కాబట్టి అందులో మోసమేమీ లేదు. కానీ పక్కనే అలంకారానికి పెట్టే 2 మెగాపిక్సెళ్ల మాక్రో, డెప్త్ కెమెరాలకు విలువ కట్టకండి. చేతి వణుకును సరిచేసే ఓఐఎస్ ఉందా అని అడగండి. సాయంత్రం వెలుతురులో పిల్లలను ఫొటో తీసేటప్పుడు అక్కరకొచ్చేది అదే.

4. అప్‌డేట్ల గడువును మీరే లెక్కగట్టండి

ఇటీవలి పోటీలో మనకు నిజంగా మేలు చేసిన మార్పు ఇదే. రెండేళ్ల అప్‌డేట్లే ఘనంగా చెప్పుకునే రోజుల నుంచి, 2023 అక్టోబరులో గూగుల్ పిక్సెల్ 8కు ఏడేళ్లు ప్రకటించింది. 2024 జనవరిలో శాంసంగ్ ఎస్24కు అంతే ఇచ్చింది. అదే ఏడాది అక్టోబరుకు గెలాక్సీ ఏ16 5జీ వంటి మధ్యస్థ ధర ఫోనుకు సైతం ఆరేళ్ల హామీ వచ్చింది. యూరోపియన్ యూనియన్ 2025 జూన్ 20 నుంచి అమల్లోకి తెచ్చిన నియమం ప్రకారం అక్కడ ఒక మోడల్ అమ్మకం ఆగిపోయాక కూడా కనీసం ఐదేళ్లు అప్‌డేట్లు ఇవ్వాలి. అటువంటి నియమం మనకూ రావాలని గట్టిగా కోరుకుంటున్నాను.

లెక్క ఇలా వేయండి. గడువు సాధారణంగా ఫోను మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి నడుస్తుంది, మీరు కొన్న రోజు నుంచి కాదు. మూడేళ్ల హామీ ఉన్న మోడల్‌ను విడుదలైన ఏడాదిన్నరకు తగ్గింపు ధరలో కొంటే మీకు మిగిలేది ఏడాదిన్నరే. ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్లు ఎన్ని, భద్రతా అప్‌డేట్లు ఎన్నేళ్లు అన్నది విడివిడిగా చూడండి. ఫోను మీదే బ్యాంకు, యూపీఐ నడుస్తున్నప్పుడు రెండోది మరింత ముఖ్యం.

తర్వాత ధరను మిగిలిన నెలలతో భాగించండి. 12,000 రూపాయల ఫోను రెండేళ్లు పనికొస్తే నెలకు 500. 20,000 రూపాయలది ఐదేళ్లు పనికొస్తే నెలకు 333. అంత మొత్తం ఒకేసారి పెట్టగలిగినవారికి ఖరీదైనదే చవక.

5. ధర ఎప్పుడు తగ్గుతుందో గమనించండి

ఒక కంపెనీ కొత్త మోడల్ తెచ్చినప్పుడు దాని పాత మోడల్ ధర తగ్గుతుంది. దసరా, దీపావళి ముందు ఆన్‌లైన్ అమ్మకాలు జోరందుకుంటాయి. అయితే ఆగేకొద్దీ ధర తగ్గుతుందన్న నమ్మకం ఎల్లప్పుడూ నిలవదు. 2025లో ఏఐ డేటా కేంద్రాల గిరాకీతో మెమరీ చిప్‌ల ధరలు పెరిగి, ఆ భారం ఫోన్ల మీద పడింది. ఫోన్ల మీద జీఎస్టీ 2020 ఏప్రిల్ 1 నుంచి 18 శాతమే. ‘పన్ను తగ్గింది’ అనే ప్రకటన కనబడితే ఏ వస్తువు గురించో మళ్లీ చదవండి.

వడ్డీ లేని వాయిదాల్లో ప్రాసెసింగ్ రుసుము, వడ్డీ మీద జీఎస్టీ వేరుగా పడవచ్చు. కార్డు తగ్గింపు, పాత ఫోను మార్పిడి అన్నీ పోయాక చేతి నుంచి వెళ్లే మొత్తం ఎంతో రాయించుకుని, అదే ఫోను మీ ఊరి దుకాణంలో ఎంతకిస్తారో అడగండి. చాలాసార్లు వెయ్యి రూపాయల తేడాను దుకాణదారు సర్దుతారు, ఇబ్బంది వస్తే వెళ్లి నిలదీయడానికి మనిషి ఉంటారు.

6. డబ్బు ఇచ్చే ముందు పెట్టెను, ఫోనును సరిచూడండి

ఆ కంపెనీ సర్వీసు సెంటరు మీ జిల్లా కేంద్రంలో ఉందో లేదో ముందురోజే తెలుసుకోండి. తెర మార్చడానికి ఎంతవుతుందో కూడా ఫోను చేసి అడగండి, చెబుతారు.

దుకాణంలో సీలు మీ ఎదుటే తీయించండి. *#06# నొక్కితే ఐఎమ్ఈఐ, అంటే ప్రతి ఫోనుకూ విడిగా ఉండే 15 అంకెల గుర్తింపు సంఖ్య, తెర మీద వస్తుంది. అది పెట్టె మీద, బిల్లు మీద ఉన్న సంఖ్యతో కలవాలి. ఆ తర్వాత ఇంగ్లీషు అక్షరాల్లో కేవైఎమ్ (KYM) అని కొట్టి, ఖాళీ వదిలి ఆ సంఖ్య రాసి 14422కు ఎస్ఎమ్ఎస్ పంపండి. ఆ సంఖ్య ఏ కంపెనీకి, ఏ మోడల్‌కు చెందిందో, దాన్ని నిషేధించారేమో తెలుస్తుంది. వాడిన ఫోను కొనేటప్పుడు ఇది చేయకుండా రూపాయి కూడా ఇవ్వకండి.

బిల్లును ఫొటో తీసి మెయిల్‌లో దాచుకోండి, ఫోనులోనే ఉంచితే ఫోనుతో పాటే పోతుంది. పోయిన రోజున పోలీసు ఫిర్యాదు చేసి, కేంద్ర టెలికాం శాఖ సంచార్ సాథీ పోర్టల్‌లోని సీఈఐఆర్ విభాగంలో ఐఎమ్ఈఐని నిలిపివేయించవచ్చు. తెలంగాణ పోలీసులు పోయిన ఫోన్లను వెతికి పట్టుకుని యజమానులకు తిరిగి అప్పగిస్తున్నది ఈ విధానంతోనే. దానికి ఆ బిల్లు, ఆ 15 అంకెలు కావాలి.