క్యాబిన్ లేపే ముందు: మౌంట్లు చేయించేవాళ్లకు వానాకాలపు జాగ్రత్తలు

మే నెల చివరికి వచ్చేసరికి మా షెడ్డుకు ఒకే రకం కోరిక వస్తుంటుంది. వికారాబాద్ వైపు తోట ఉంటుంది, వానలు పడితే బురద. పికప్‌కి పెద్ద టైర్లు వేయాలి, అవి మడ్‌గార్డుకు తగలకుండా క్యాబిన్‌ను ఛాసిస్ (కింది ఉక్కు చట్రం) మీద నుంచి ఇంకాస్త పైకి లేపాలి. "అన్నా, గింతే కదా, రెండించుల పైపు ముక్కలు పెట్టి పొడుగు బోల్టులు బిగిస్తే అయిపాయె" అంటారు. ఆ పైపు ముక్కలే నన్ను భయపెడతాయి. నిరుడు ఒక బండి అలాగే చేయించుకుని వచ్చింది. క్యాబిన్ కింద చూస్తే ఆరు బోల్టుల్లో రెండు వంగి ఉన్నాయి, ఒక పైపు ముక్క పక్కకు జరిగి క్యాబిన్ ఫ్లోర్ రేకును చీల్చింది. ఆ బండిలో యజమాని రోజూ పిల్లల్ని కూర్చోబెట్టుకుని తిరుగుతున్నాడు.

ముందు చట్టం సంగతి. కంపెనీ ఇచ్చిన కొలతలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. సెక్షన్ 182ఏ ప్రకారం యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కూ చిక్కే. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా తోటలో, సొంత నేలలో తిరిగే పాత బండికి. రోడ్డు మీద తిరిగే బండికైతే ఈ పని చేయించకండి. ఎయిర్‌బ్యాగులున్న కొత్త బండికి అసలే వద్దు.

క్యాబిన్ ఛాసిస్ మీద రబ్బరు బుష్‌ల మీద కూర్చుంటుంది. పైన ఒక బుష్, కింద ఒకటి, మధ్యలో ఉక్కు స్లీవ్, వాటన్నిటి గుండా బోల్టు. గట్టిగా బ్రేకు కొట్టినప్పుడు క్యాబిన్ ముందుకు పోవాలని చూస్తే ఈ మౌంట్లే పట్టి ఆపుతాయి. స్పేసర్, అంటే ఎత్తు కోసం మధ్యలో పెట్టే ఆ పైపు ముక్క, పెట్టి బోల్టు పొడుగు పెంచితే ఆ తోపు బోల్టును వంచడం మొదలుపెడుతుంది. స్పేసర్ ఎత్తు రెట్టింపైతే వంచే బలమూ దాదాపు రెట్టింపవుతుంది. అందుకే మౌంట్లు కొత్తగా చేయిస్తున్నప్పుడు ఎత్తంతా బ్రాకెట్టులోనే (మౌంటును ఛాసిస్‌కు పట్టి ఉంచే ఉక్కు ముక్క) రావాలి. బుష్, స్లీవ్, బోల్టు పొడుగు కంపెనీవే ఉండాలి. ఎత్తు రెండు అంగుళాలు చాలు. మూడు దాటించమంటే నేను ఒప్పుకోను.

బ్రాకెట్టుకు 6 ఎంఎం ప్లేటు, రెండు పక్కలా మూలకు గుసెట్లు (ఆసరాగా వేసే త్రికోణపు ప్లేట్లు) వేయించండి. స్క్రాపు నుంచి తెచ్చిన ముక్క ఏ ఉక్కో తెలియదు, ఐఎస్ 2062 (ఉక్కు నాణ్యతకు భారతీయ ప్రమాణం) ప్లేటు అడిగి తీసుకోండి. బోల్టులు రాణిగంజ్‌లో కొంటే తల మీద 8.8 లేదా 10.9 అని బలం చెప్పే గుర్తు చెక్కి ఉందా చూసుకోండి, గుర్తు లేనిది ఎంత మెరుస్తున్నా వదిలేయండి. స్లీవ్ కొత్తది చేయించాల్సి వస్తే రెండు చివరలూ చదునుగా వచ్చేలా లేత్ మీద ఫేసింగ్ కొట్టించాలి. స్లీవ్ పొట్టిదైతే బోల్టు బిగించినప్పుడు రబ్బరు నలిగిపోతుంది, పొడుగైతే క్యాబిన్ వదులుగా కొట్టుకుంటుంది.

అన్ని మౌంట్ల ఎత్తూ ఒకటే ఉంటుందనుకోవద్దు. ఒక్కో పాయింటును విడిగా కొలిచి, అట్టతో నమూనా కత్తిరించుకోండి. టాకా (చిన్న చిన్న తాత్కాలిక వెల్డింగ్ చుక్కలు) వేసి, క్యాబిన్ దించి, తలుపుల సందులు అన్ని వైపులా సమానంగా ఉన్నాయో లేదో చూశాకే పూర్తి వెల్డింగ్. ఒక మూల రెండు ఎంఎం తేడా ఉన్నా క్యాబిన్ మెలి తిరగొచ్చు, ముందు అద్దం అంచు నుంచి చీలిక రావొచ్చు.

ఛాసిస్ మీద వెల్డింగ్ విషయంలో నేను చాలా పట్టుదలగా ఉంటాను. ఛాసిస్ పై అంచుకూ కింది అంచుకూ అడ్డంగా కుట్టు వేయనివ్వకండి. ఎక్కువ ఒత్తిడి పడేది అక్కడే, పగులు మొదలయ్యేదీ అక్కడే. పక్క గోడ మీద, అంచులకు దూరంగా వేయించాలి. కొన్ని పెద్ద లారీల ఛాసిస్ వేడి చేసి గట్టిపరచిన ఉక్కు. దాని మీద వెల్డింగ్ పెట్టకూడదు. బోల్టు బ్రాకెట్టే దారి, రంధ్రం కూడా కంపెనీ అనుమతించిన చోటే.

ఇక వాన. 7018 రకం వెల్డింగ్ రాడ్లు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. నాలుగు రోజులు షెడ్డులో తెరిచి ఉంచిన రాడ్‌తో కొడితే ఆ తేమలోని హైడ్రోజన్ కుట్టు పక్కన పగులు తెస్తుంది. అది అప్పుడే కనబడదు, ఒక్కోసారి మర్నాటికి బయటపడుతుంది. రాడ్లను పెట్టె మీద రాసిన వేడిలో, మామూలుగా 300 నుంచి 350 డిగ్రీల్లో, ఒకటి రెండు గంటలు ఓవెన్‌లో కాల్చాకే వాడమనండి. నేల తడిగా ఉంటే పని ఆపించండి. చెమటకు తడిసిన గ్లౌజులు మార్పించండి. జల్లు లోపలికి కొడుతుంటే షట్టర్ దించి చేయించకండి, మరో రోజుకు వాయిదా వేయండి. మూసిన షెడ్డులో పొగ నిలిచిపోతుంది.

వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ కేబుళ్లు తీయాలి, మైనస్ ముందు. వెల్డింగ్ మెషిన్ ఎర్త్ క్లాంపు కుట్టుకు దగ్గరగా పెట్టాలి. బుష్‌లు బయటికి తీయాలి. డీజిల్ ట్యాంకు, పైపులు దగ్గర్లో ఉంటే దించేయాలి. క్యాబిన్ ఫ్లోర్ కింద అంటించిన నల్లపూత, పైన కార్పెట్ కింద ఫోమ్ మంటను దాచి పెట్టుకుంటాయి. పని అయ్యాక ఒకరు ఎక్స్‌టింగ్విషర్ పట్టుకుని అరగంట అక్కడే కూర్చోవాలి. జింకు పూత ఉన్న రేకును గ్రైండ్ చేయకుండా కాల్చితే వచ్చే తెల్లపొగతో రాత్రికి చలిజ్వరం వస్తుంది. కొన్ని బ్రేక్ క్లీనర్లలో క్లోరిన్ ఉంటుంది. వాటితో తుడిచిన చోట ఆర్క్ పెడితే పుట్టే ఫాస్జీన్ ఊపిరితిత్తులను దెబ్బతీసే విషవాయువు. శుభ్రం చేయడానికి వైరుబ్రష్షూ పొడిగుడ్డా వాడమనండి.

క్యాబిన్ లేపేటప్పుడు అన్ని బోల్టులూ ఒక్కసారి తీయొద్దు. ఒక వైపు వదులు చేసి, రెండో వైపు తీసి, జాకీకి క్యాబిన్‌కు మధ్య పెద్ద చెక్కదుంగ పెట్టి కొద్దికొద్దిగా లేపండి. జాకీ మీద నమ్మకంతో చెయ్యి సందులో పెట్టకండి, ముందు దుంగలు చేర్చండి. లేపుతున్నంతసేపూ ఇంకొకరు ఒక్కొక్కటే చూస్తుండాలి: స్టీరింగ్ షాఫ్ట్, బ్రేకు పైపులు, క్లచ్ కేబుల్, గేర్ లివర్, ఏసీ పైపులు, క్యాబిన్ నుంచి ఛాసిస్‌కు వచ్చే ఎర్త్ వైరు, రేడియేటర్ ఫ్యాన్ చుట్టూ ఉండే షీల్డు. స్టీరింగ్ షాఫ్ట్ స్ప్లైన్ (ఒకదానిలో ఒకటి దూరే గాడుల భాగం) ఎంతవరకు లోపల పట్టుకుందో కొలిచి చూడండి. సరిపోకపోతే అక్కడితో పని ఆగాల్సిందే. గుంజి పెట్టిన బ్రేకు పైపుతో బండి షెడ్డు దాటకూడదు.

కుట్లు చల్లారాక ప్రైమర్, పెయింట్ రెండు పూతలు, బ్రాకెట్టు కింద నీళ్లు కారిపోవడానికి చిన్న రంధ్రం. మొదటి 100 కిలోమీటర్లు తిరిగాక ఒకసారి, 500 తిరిగాక మరోసారి ప్రతి బోల్టునూ టార్క్ రెంచ్‌తో చూడాలి. హెడ్‌లైట్ల వెలుగు కిందికి పడేలా సరిచేయించండి, లేకపోతే మలుపు దగ్గర ఎదురుగా నడిచి వచ్చే రైతు కళ్లలో కొడతాయి.