పలుగురాయి మిల్లు పనికి పోయే ముందు

యాసంగి కోతలు అయిపోయాయి. మృగశిర కార్తె దాకా చేలో పెద్దగా పని ఉండదు. షాద్‌నగర్, కొత్తూరు వైపు పలుగురాయి (క్వార్ట్జ్) పొడి కొట్టే మిల్లులకు కూలికి పోదామని బట్టలు సర్దుకునేది ఈ రోజుల్లోనే. పైగా ఎండాకాలం. దుమ్ము తొందరగా లేస్తుంది, చెమటకు ముఖం మీద మాస్కు నిలవదు. అందుకే ఆ దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు గురించి ఇప్పుడు రాస్తున్నాను.

నేను ఎక్స్‌రే తీసే పని చేస్తాను. కొన్నేళ్ల కింద ఒక అన్న వచ్చాడు. వయసు ముప్పై నాలుగు. అప్పటికే టీబీ మందులు రెండు కోర్సులు వాడాడు. "ఊపిరి పీల్చి పట్టుకో అన్నా" అంటే పట్టుకోలేకపోయాడు. నాలుగోసారికి ఫిల్మ్ సరిగ్గా వచ్చింది. రెండు ఊపిరితిత్తుల పైభాగంలో తెల్ల నువ్వులు చల్లినట్టు చుక్కలు. చీటీలో వృత్తి అన్నచోట 'కూలి' అని ఉంది. ఏం కూలి అని నేను అడగలేదు. పోయేటప్పుడు వాళ్లావిడ తనంతట తానే చెప్పింది: "రాయి పొడి కొట్టేకాడ అయిదేండ్లు చేసిండు సార్, అప్పటిసంది ఇట్లనే." ఆ ఒక్క మాట మొదటి చీటీ మీదే ఉండి ఉంటే డాక్టరు వేరేగా ఆలోచించేవాడు. ఆ రోజు నుంచి ఎవరు వచ్చినా ఏ పని, ఎక్కడ, ఎన్నేళ్లు అని అడిగి చీటీ మీద రాస్తున్నాను.

పలుగురాయి పాలమూరు వాళ్లకు కొత్త కాదు. గట్ల మీద తెల్లగా మెరుస్తుంటుంది. చిన్నప్పుడు చీకట్లో రెండు పలుగురాళ్లు రాకి వెలుగు చూసి మురిసిపోయినవాళ్లమే. రాయి రాయిగా ఉన్నన్నాళ్లు ఎవరికీ హాని లేదు. హాని పొడితో. మిల్లులో ముందు క్రషర్‌లో ముక్కలు చేస్తారు, తర్వాత మెత్తగా కొడతారు, జల్లెళ్లలో సైజుల వారీగా వేరు చేసి సంచులకు నింపుతారు. దీన్నే ర్యామింగ్ మాస్ అంటారు. ఉక్కు కరిగించే ఇండక్షన్ ఫర్నేస్ లోపలి గోడకు లైనింగ్, అంటే వేడిని తట్టుకునే పూత, దీనితోనే వేస్తారు. కరిగిన ఉక్కు వేడి 1600 డిగ్రీల దగ్గర ఉంటుంది, పలుగురాయి కరగాలంటే 1700 దాటాలి. అందుకే కొలిమికి ఇది కావాలి. ఈ పొడిలో తడి ఉంటే కరిగిన లోహం తగిలినప్పుడు ఆవిరై పేలే ప్రమాదం ఉంది, కాబట్టి సరుకు పొడిగానే ఉండాలంటారు. కంకర క్రషర్ల దగ్గర నీళ్లు చల్లినట్టు ఇక్కడ చివరి దాకా చల్లకపోవడానికి కారణం ఇదే. మొదట ముక్కలు కొట్టేచోట నీళ్లు చల్లవచ్చు. పొడి కొట్టేచోట, జల్లెడ దగ్గర, సంచులు నింపేచోట మాత్రం యంత్రాలను మూసి ఉంచి దుమ్మును గొట్టాలతో లాగేయడమే దారి.

ఇప్పుడు దుమ్ము సంగతి. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఊపిరితిత్తుల అడుగు దాకా పోయే రేణువు 5 మైక్రాన్ల లోపు. అంటే కంటికి కనబడదు. సాయంత్రం ముక్కు చీదితే తెల్లగా వచ్చేది పెద్ద దుమ్ము, అది బయటికి వచ్చేసింది. లోపలికి పోయింది రాదు. దాన్ని మింగేద్దామని వచ్చిన మన ఒంటి కణాలే చచ్చిపోతాయి, ఆ చోట మచ్చ కడుతుంది. మచ్చ మీద మచ్చ కట్టి ఊపిరితిత్తి గట్టిపడుతుంది. ఇదే సిలికోసిస్. మచ్చను కరిగించే మందు లేదు. పని మానేసినా జబ్బు ముదరవచ్చు. మామూలు రాతి పనిలో ఇది బయటపడడానికి పదేళ్లు, ఇరవై ఏళ్లు పడుతుంది. పొడి మిల్లులో దుమ్ము మోతాదు ఎక్కువ, పైగా అప్పుడే పగిలిన పలుగురాయి పొడి పాతదాని కంటే ఎక్కువ హాని చేస్తుంది. అక్కడ అయిదేళ్లు కూడా పట్టకపోవచ్చు. ఈ దుమ్ము క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 1997లోనే తేల్చింది.

బెల్లం ముక్క తింటే దుమ్ము దిగిపోతుందని, అరటిపండు తింటే కొట్టుకుపోతుందని మిల్లు దగ్గర చెబుతారు. బెల్లం పోయేది కడుపులోకి, దుమ్ము పోయింది ఊపిరితిత్తుల్లోకి. రెండింటి దారులు గొంతు దగ్గరే వేరైపోతాయి. బెల్లం పెట్టారు కదా అని మాస్కు అడగకుండా ఊరుకోవద్దు. కల్లు తాగితే లోపల కడిగేస్తుందనేదీ అంతే.

పోయే ముందే ఛాతీ ఎక్స్‌రే తీయించుకోండి. అన్నిటికంటే ఇది ముఖ్యం. కుదిరితే గొట్టంలోకి గాలి ఊదే పరీక్ష కూడా. పనిలో చేరక ముందు మీ ఊపిరితిత్తులు ఎట్లున్నాయో చెప్పే సాక్ష్యం ఇంకొకటి ఉండదు. రేపు ఏదైనా అయితే 'ముందు నుంచే ఉంది' అని ఎవరైనా అంటే ఈ ఫిల్మ్ మాట్లాడుతుంది. పనిలో ఉన్నంతకాలం ఏడాదికోసారి మళ్లీ తీయించి పాతదాని పక్కన పెట్టి చూపించండి.

మిల్లు చూడకుండా అడ్వాన్స్ తీసుకోవద్దు. తీసుకున్నాక వెనక్కి రావడం కష్టం, ఇది మీకు నేను చెప్పాల్సింది కాదు. చుట్టూ ఉన్న వేపచెట్ల ఆకులు చూడండి, తెల్లగా ఉంటే లోపల దుమ్ము లాగే యంత్రం పని చేయడం లేదన్నట్టే. ఆ యంత్రానికి దుమ్మును పట్టి ఆపే సంచులు చిరిగి ఉన్నాయా, గొట్టాలు ఊడి ఉన్నాయా చూడండి. చీకటి పడ్డాక టార్చి వేస్తే ఆ వెలుగులో ఎంత దుమ్ము తిరుగుతుందో తెలుస్తుంది. లోపలే రేకుల గదుల్లో ఉండమంటే ఒప్పుకోవద్దు. ఎనిమిది గంటలు పీల్చేది ఇరవై నాలుగు గంటలవుతుంది, పిల్లలుంటే వాళ్లూ పీలుస్తారు.

తువ్వాల మూతికి కట్టుకుంటే పెద్ద దుమ్మే ఆగుతుంది. సన్నది నేతలో నుంచి దూరిపోతుంది. కనీసం ఎన్95 మాస్కు కావాలి. సంచులు నింపేచోట అదీ చాలదు, ఫిల్టర్ డబ్బాలు బిగించే రబ్బరు మాస్కు అడగండి. గడ్డం ఉంటే మాస్కు ముఖానికి అతకదు, పక్కల నుంచి గాలి వస్తుంది. తడిసిన మాస్కు పారేసి కొత్తది వేసుకోవాలి, ఎండాకాలం రోజుకు ఒకటి చాలకపోవచ్చు. అయినా మాస్కు ఆఖరి అడ్డమే. దుమ్ము లేవకుండా చూడడం యజమాని బాధ్యత, మాస్కు ఇచ్చినంత మాత్రాన అది తీరిపోదు.

చీపురుతో పొడి ఊడ్చొద్దు, తడిపి ఊడ్వాలి. కంప్రెసర్ గాలితో బట్టలు దులుపుకోవడం చాలాచోట్ల అలవాటు, అంతకంటే చెడ్డది లేదు. పని బట్టలు అక్కడే విడిచి, స్నానం చేసి ఇంటికి రండి. ఇంట్లో ఆడవాళ్లు ఆ బట్టలు దులిపి ఉతికితే ఆ దుమ్ము వాళ్ల ముక్కులోకే. దులపకుండా నీళ్లలో నానబెట్టి, వేరుగా ఉతకాలి. బీడీ మానగలిగితే మానండి.

స్టీల్ ఫర్నేస్ పనికి పోయేవాళ్లకు ఒక మాట. పాత లైనింగ్ పగలగొట్టే పని తేలిక అనుకోవద్దు. అంత వేడిలో పలుగురాయి క్రిస్టోబలైట్ అనే రూపంలోకి మారుతుంది. అది మామూలు పలుగురాయి పొడి కంటే ఏమాత్రం తక్కువ హాని కాదు. పగలగొట్టేటప్పుడు మంచి మాస్కు, గాలి లాగే ఏర్పాటు తప్పనిసరి.

ఇక కాగితాలు. హాజరు పుస్తకంలో పేరుందా, ఈఎస్ఐ (కార్మికుల వైద్య బీమా) కార్డు ఇస్తారా, పీఎఫ్ నంబరు ఉందా అడగండి. పది మంది, అంతకు మించి పనిచేసే ఫ్యాక్టరీకి ఈఎస్ఐ వర్తిస్తుంది. గుత్తేదారు చేతికి డబ్బులిచ్చే పద్ధతే అయితే ఫోన్‌కు వచ్చిన డబ్బుల మెసేజులు, గేటు పాసు, మిల్లులో దిగిన ఫొటో, ఏదైనా దాచుకోండి. గుజరాత్‌లో గోద్రా వైపు పలుగురాయి మిల్లుల్లో పనిచేసి చనిపోయిన 238 మంది మధ్యప్రదేశ్ కూలీల కుటుంబాలకు తలా 3 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2016లో చెప్పింది. ఆ కేసు వేసింది 2006లో. పదేళ్లు పట్టింది. సిలికోసిస్ వస్తే డాక్టరు ప్రభుత్వానికి తెలియజేయాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కాలం నుంచీ ఉంది. నష్టపరిహారం వచ్చే వృత్తి జబ్బుల జాబితాలోనూ ఇది ఉంది. కానీ మీరు అక్కడ పనిచేశారని చూపించే కాగితం లేకపోతే ఇవేవీ మీదాకా రావు.

మెట్లు ఎక్కితే ఆయాసం, తగ్గని పొడిదగ్గు, బరువు తగ్గడం మొదలైతే వాయిదా వేయొద్దు. డాక్టరుకు మొదట చెప్పాల్సింది దగ్గు గురించి కాదు, పని గురించి: పలుగురాయి పొడి మిల్లులో ఇన్నేళ్లు చేశాను అని. అది చీటీ మీద రాయించండి. ఈ జబ్బున్నవాళ్లకు టీబీ తేలిగ్గా వస్తుంది కాబట్టి కళ్లె పరీక్ష తప్పకుండా చేయించండి, టీబీ అని తేలితే మందులు మధ్యలో ఆపొద్దు. కళ్లెలో ఏమీ లేకపోయినా మళ్లీ టీబీ కోర్సే రాస్తుంటే, సిలికోసిస్ కూడా చూడండి సార్ అని గట్టిగా అడగండి.

ఎక్స్‌రే ఫిల్మ్‌ను పట్టాదారు పాసుపుస్తకం పెట్టే పెట్టెలోనే పెట్టుకోండి. చుట్టి పెట్టొద్దు, మడతపెట్టొద్దు. ఇప్పుడు ఇస్తున్న ఫిల్ములు చాలావరకు ఎండకు, వేడికి నల్లబడతాయి, కాబట్టి రేకుల ఇంట్లో పైకప్పు కింద అటక మీద ఉంచొద్దు. తీసిన రోజే వెలుతురుకు పట్టి, పేరూ తేదీ కనబడేట్టు ఫోన్‌లో ఫొటో తీసి, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కు కూడా పంపండి.