బైక్ హ్యాండిల్ మన చేతికి కుదిరేలా సర్దుకోవడం ఎలా?

గంటసేపు బండి నడిపితే చాలు, చాలామందికి మణికట్టు లాగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మెడ పట్టేస్తుంది. వయసు మీద పడిందనుకుని ఊరుకుంటారు కానీ, హ్యాండిల్ వైపు చూడరు. షోరూం నుంచి వచ్చిన బండి అందరికీ ఒకే కొలతలో ఉంటుంది. మన ఎత్తుకు, చేతుల పొడవుకు తగ్గట్టు మనమే మార్చుకోవాలి. స్ప్లెండర్, షైన్, క్లాసిక్ 350 లాంటి బండ్లకు ఒకే గొట్టం హ్యాండిల్ కాబట్టి ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. ఆర్15 లాంటి వాటికి హ్యాండిల్ రెండు ముక్కలుగా ఫోర్కులకు, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే రెండు గొట్టాలకు, బిగించి ఉంటుంది, అక్కడ పెద్దగా కదిపే వీలుండదు.

ముందు హ్యాండిల్ జోలికి పోకండి, లీవర్లు చూడండి. నా లెక్కలో సగం నొప్పులు వాటి దగ్గరే తీరిపోతాయి. సెంటర్ స్టాండ్ వేసి, రోజూ కూర్చునేలా కూర్చుని, గ్రిప్పుల మీద చేతులు పెట్టి వేళ్లు చాపండి. మోచేయి నుంచి వేలి కొస దాకా ఒకే గీతలా ఉండి, వేళ్లు నేరుగా లీవర్ మీద వాలాలి. లీవర్ పైకి ఉంటే, బ్రేక్ పట్టిన ప్రతిసారీ మణికట్టు వెనక్కి విరుగుతుంది. లీవర్‌ను హ్యాండిల్‌కు పట్టి ఉంచే క్లాంపు బోల్టులు, చేత్తో తిప్పితే లీవర్ కదిలేంత వరకే వదులు చేసి, సరిచేసి బిగించండి. డిస్క్ బ్రేకయితే ఆయిల్ డబ్బా మరీ వాలిపోకుండా చూడండి. దాని మూత తీయొద్దు, ఆ ఆయిల్ పడితే పెయింట్ లేచిపోతుంది.

అప్పటికీ భుజాలు లాగుతుంటే హ్యాండిల్ తిప్పాలి. ట్యాంకు మీద మందపాటి గుడ్డ కప్పండి. ఇప్పుడున్న చోట మార్కర్‌తో గీత పెట్టుకుంటే, నచ్చకపోతే వెనక్కి వచ్చేయొచ్చు. మధ్యలో ఉన్న నాలుగు బోల్టులు కాస్త వదులు చేసి, ముందుకు వంగాల్సి వస్తుంటే మీ వైపు, మోచేతులు ఇరుకైతే అవతలికి, రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే తిప్పండి. హ్యాండిల్‌తో పాటు లీవర్లూ తిరుగుతాయి, వాటిని మళ్లీ సర్దుకోవాలి.

బిగించేటప్పుడే అసలు జాగ్రత్త కావాలి. చాలా బండ్లకు ముందు వైపు బోల్టులు పూర్తిగా బిగించాక వెనకవి బిగిస్తారు, క్లాంపు ముక్కల మధ్య సందు వెనక వైపే మిగులుతుంది. కొన్నిటికి ఆ సందు రెండు వైపులా సమానంగా ఉండాలి. మీ బండి పద్ధతి, ఎంత టార్క్ (బిగింపు బలం) పెట్టాలన్నది మాన్యువల్‌లో ఉంటాయి. ఆ బలాన్ని కొలిచి బిగించే టార్క్ రెంచ్ లేకపోతే ఆఖరి బిగింపు మెకానిక్ చేత చేయించండి. పానా మీద బలమంతా పెడితే అల్యూమినియం మరలు అరిగిపోతాయి, వదులుగా వదిలేస్తే బ్రేక్ కొట్టగానే హ్యాండిల్ జారుతుంది.

రోడ్డెక్కే ముందు హ్యాండిల్ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి. కేబుళ్లు, వైర్లు, బ్రేక్ పైపు లాగకూడదు, వేళ్లు ట్యాంకుకు తగలకూడదు. న్యూట్రల్‌లో ఇంజిన్ ఆన్ చేసి మళ్లీ తిప్పండి. తిప్పగానే రేజ్ పెరిగితే యాక్సిలరేటర్ కేబుల్ లాగుతున్నట్టే, అలా బండి తీయొద్దు. యాక్సిలరేటర్ వదలగానే తనంతట తనే వెనక్కి రావాలి. క్లచ్ లీవర్‌కు కాస్త ఆట, అంటే ఖాళీగా కదిలే వీలు, ఉండాలి. బ్రేక్ పడితే వెనక లైటు వెలగాలి. అద్దాలు కూడా సరిచేసుకోండి.

మొదటి రోజు దగ్గర్లోనే తిరిగి, మర్నాడు బోల్టులు ఇంకోసారి చూడండి. ఇంకా ఇబ్బందిగా ఉంటే మళ్లీ రెండు మిల్లీమీటర్లే కదపండి.